శాండ్‌విచ్ కొట్టు... స్టారైంది!

షూటింగ్ జరిగిన చోటు చూడాలన్న సరదా ఎవరికుండదు చెప్పండి? ఫలానా పాటలో హీరో హీరోయిన్లు పరిగెత్తిన తోట, ఫలానా సినిమాలో విలన్ దూకిన వంతెన... ఆ ఊరు వెళ్తే చాలు, వెతుక్కుంటూ పోయి ఫోటో దిగి వచ్చే రకం మనం! తీరా వెళ్తే ఏముంటుంది? తోట ఎండిపోయి ఉంటుంది. వంతెనకి కొత్త రంగు వేసేసి ఉంటారు. "ఇదేనా?" అని ముఖం వేలాడేసుకుని తిరిగొస్తాం.

అలా ఉసూరుమనిపించని చోటొకటి న్యూయార్క్‌లో ఉంది. తోటా కాదు, వంతెనా కాదు. శాండ్‌విచ్‌లు అమ్మే కొట్టు! పేరు కాట్జ్ డెలికెటెసెన్. అంత పేరు నోరు తిరగదు కాబట్టి అక్కడివాళ్ళు 'కాట్జ్ డెలి' అంటారు, మనమూ అలాగే అందాం. 1989లో వచ్చిన 'వెన్ హ్యారీ మెట్ శాలీ' సినిమా మీరు చూసుంటే, ఆ కొట్టు మీకు ముందే తెలుసు. చూడకపోతే, ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు మీ చేతికి టికెట్టివ్వాలి మరి!

టికెట్టు జాగ్రత్త!

నన్నక్కడికి తీసుకెళ్ళినవాడు మా మేనల్లుడు. జెర్సీ సిటీలో చదువుకుంటున్నాడు. పాత్ రైల్లో నది దాటి, ఎఫ్ రైలెక్కి, సెకండ్ ఎవెన్యూ స్టేషన్లో దిగాం. హ్యూస్టన్ స్ట్రీట్ పట్టుకుని తూర్పుకి నాలుగడుగులు వేస్తే లడ్లో స్ట్రీట్ మూల. (అన్నట్టు, ఆ వీధిని 'హౌస్టన్' అనాలట. 'హ్యూస్టన్' అంటే కొత్తవాడని పట్టేస్తారని మావాడు ముందే హెచ్చరించాడు. నేననేశాను. పట్టేశారు!)

చుట్టూ అద్దాల మేడలు. మధ్యలో పొట్టిగా, ఒంటంతస్తుతో, ఎర్రెర్రని నియాన్ అక్షరాలతో కొట్టు. బయట క్యూ చూస్తే మన ఊళ్ళో పెద్ద హీరో సినిమాకి మొదటి రోజు మార్నింగ్ షో గుర్తొచ్చింది. లోపలికడుగు పెట్టగానే గేటు దగ్గరాయన మనిషికొక టికెట్టు చేతిలో పెట్టాడు. సినిమా హాలే అనుకున్నాను!

ఆ టికెట్టు కథేమిటంటే... మీరేం తింటే అది కౌంటరు దగ్గర దానిమీద రాస్తారు. తిన్నాక బయటికెళ్ళేటప్పుడు గల్లాపెట్టె దగ్గర చూపించి డబ్బు కట్టాలి. ఏమీ తినకపోయినా సరే, ఖాళీ టికెట్టు తిరిగివ్వాల్సిందే. పారేసుకున్నారా? యాభై డాలర్లు అదనంగా వాయిస్తారు! "మావయ్యా, పాస్‌పోర్టు పోయినా పర్లేదు గానీ ఇది పోగొట్టకు" అన్నాడు మావాడు.

కత్తి పట్టిన కళాకారులు

లోపల పెద్ద హాలు. ఒక పక్క పొడుగాటి కౌంటరు. దాని వెనక వరసగా నిలబడ్డవాళ్ళని 'కట్టర్లు' అంటారు. కొట్టుకి అసలు హీరోలు వాళ్ళే. ఆవిర్లు కక్కుతున్న మాంసపు ముద్దని చెక్కబల్ల మీద పెట్టి, పొడుగాటి కత్తితో చేత్తోనే చకచకా కోస్తారు. మిషన్ ముట్టుకోరు. కోస్తూ కోస్తూ ఒక ముక్క చిన్న ప్లేట్లో పెట్టి మీ ముందుకి తోస్తారు - రుచి చూడమని. మన మిఠాయి కొట్లో జిలేబీ ముక్క చేతిలో పెట్టినట్టే!

ఆ మాంసం పేరు పాస్ట్రమీ. గొడ్డు మాంసం. రుమేనియా నుంచి వలస వచ్చిన యూదులు ఈ వంటని అమెరికా తెచ్చారు. పేరు మూలం వెతుక్కుంటూ పోతే టర్కీ దాకా పోతుంది. చెయ్యడం చూడండి ఎంత తతంగమో. ముందు ఉప్పునీళ్ళలో ఊరబెట్టాలి. ఒక రోజూ రెండు రోజులూ కాదు, ముప్ఫై రోజుల దాకా! తర్వాత మిరియాలూ ధనియాలూ వగైరా దట్టించి, సన్నటి సెగమీద గంటలూ రోజులూ పొగబెట్టాలి. ఆ తర్వాత ఉడకబెట్టాలి. ఆఖర్న ఆవిరి పట్టాలి. అప్పుడు గానీ కత్తి కిందికి రాదు. మన ఆవకాయకున్నంత ఓపిక ఉంది దానికి! కోసిన ముక్కల్ని గుట్టగా రై రొట్టె మధ్య పెట్టి, ఆవాల ముద్ద రాసి ఇస్తారు. ఆ రొట్టె పైదొకటి, కిందదొకటి ఉన్నాయంటే ఉన్నాయి... మధ్యలోది పట్టుకోవడానికి రెండు చేతులూ చాలవు. వారానికి సుమారు పదిహేను వేల పౌన్ల పాస్ట్రమీ ఖర్చవుతుందని చెప్తారు. అంటే ఆరువేల ఎనిమిది వందల కిలోలు! ధర కూడా తక్కువేం కాదు. ఒక్క శాండ్‌విచ్ పాతిక డాలర్ల పైమాటే.

మీలో చాలామందిలాగే నేనూ అది తినను. మరి అంత దూరం వెళ్ళి చూస్తూ కూర్చున్నానా? లేదండీ! నాకు 'క్నిష్' చెప్పాడు మావాడు. ఉడికిన బంగాళాదుంప కూరి కాల్చిన మందపాటి పిండివంట. మన కచోరీకి దూరపు చుట్టం అనుకోండి. పక్కన ఊరబెట్టిన దోసకాయలు. తాగడానికి 'ఎగ్ క్రీమ్'. పేరులో గుడ్డుంది, క్రీముంది. గ్లాసులో రెండూ లేవు! ఉత్త పాలు, సోడా, చాక్లెట్ పాకం. పేరు చూసి మోసపోకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆ టేబులు... ఆ సీను!

ప్లేట్లు పట్టుకుని చోటు కోసం వెతుకుతుంటే, హాలు మధ్యలో ఒక టేబులు చుట్టూ జనం. పైకప్పు నుంచి ఒక బోర్డు వేలాడుతోంది, బాణం గుర్తుతో సహా. హ్యారీ, శాలీ కూచున్నదిక్కడే, ఆవిడకి దక్కిందే మీకూ దక్కుగాక, అని దాని భావం. ఇక ఆ సీను చెప్పాలి. పక్కన పెద్దవాళ్ళుంటే ఈ ఒక్క పేరా కాస్త చాటుగా చదువుకోండి!

హ్యారీ అంటే బిల్లీ క్రిస్టల్. శాలీ అంటే మెగ్ రయాన్. ఇద్దరూ స్నేహితులు. శాండ్‌విచ్‌లు తింటూ మాటల్లో పడతారు. పడకగదిలో ఆడవాళ్ళు సంతోషం నటిస్తారేమో గానీ, నా దగ్గర మాత్రం ఎవరూ నటించలేదని హ్యారీగారి ధీమా. శాలీ ఒప్పుకోదు. ఉన్నట్టుండి అక్కడే, అంతమంది మధ్య, మూలుగులూ కేకలూ టేబులు మీద చరుపులూ... పూర్తి ప్రదర్శన ఇచ్చేస్తుంది! హాలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఠపీమని ఆపేసి, ఏమీ ఎరగనట్టు తినడం మొదలెడుతుంది. పక్క టేబులు పెద్దావిడ నింపాదిగా, ఆవిడ తిన్నదే నాకూ పట్రమ్మంటుంది. హాలు గొల్లుమంది. అక్కడా, ప్రపంచంలో ఆ సినిమా ఆడిన ప్రతి హాల్లోనూ!

తెర వెనక సంగతులు ఇంకా పసందు. రచయిత్రి నోరా ఎఫ్రాన్ స్క్రిప్టులో ముందు ఉన్నది ఉత్త సంభాషణేనట. "మాటలెందుకు, హోటల్లో చేసి చూపిద్దాం" అన్న ఆలోచన మెగ్ రయాన్‌ది. పెద్దావిడ డైలాగు అందించింది బిల్లీ క్రిస్టల్. మరి ఆ పెద్దావిడ ఎవరనుకున్నారు? దర్శకుడు రాబ్ రైనర్ కన్నతల్లి, ఎస్టెల్ రైనర్! మొదట్లో మెగ్ రయాన్ మొహమాటపడుతుంటే, ఎలా చెయ్యాలో దర్శకుడే కూచుని, టేబులు చరిచి మరీ చూపించాడట. చేసేశాక గానీ తట్టలేదు, పక్క టేబులు దగ్గర అమ్మ ఉందని! 2005లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నూరు గొప్ప డైలాగుల జాబితా వేస్తే, ఈ అమ్మగారి ఒక్క ముక్కా 33వ స్థానంలో కూచుంది.

ఆ తర్వాత 'డానీ బ్రాస్కో' (1997)లో జానీ డెప్ కూడా ఈ కొట్టుకే వచ్చాడు, గూఢచారి వేషంలో. గోడలనిండా తారల ఫోటోలు. అధ్యక్షుడుగా ఉండగా బిల్ క్లింటన్ కూడా వచ్చి తిన్నాడు.

అయితే సినిమావల్లే ఈ కొట్టు ఇంత పెద్దదయిందనుకుంటే పొరపాటు. సినిమా వచ్చేసరికే దీనికి నూరేళ్ళు నిండాయి!

"అంతే!"

కొట్టువాళ్ళు చెప్పుకునే చరిత్ర ప్రకారం, 1888లో ఐస్‌లాండ్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు లడ్లో స్ట్రీట్‌లో చిన్న డెలి పెట్టారు. 1903లో విల్లీ కాట్జ్ వచ్చి చేరాడు. 1910లో విల్లీ బంధువు బెన్నీ వచ్చాడు. ఇద్దరూ కలిసి ఐస్‌లాండ్ అన్నదమ్ముల వాటా కొనేశారు. కొట్టు కాట్జ్‌దయింది. 1917లో వాళ్ళ దేశంవాడే హ్యారీ టరోవ్‌స్కీ భాగస్వామి అయ్యాడు. ఈలోగా భూగర్భ రైలు కోసం వీధి తవ్వితే కొట్టు ఇవతలి పక్కకి మారింది.

అప్పట్లో ఆ పేటంతా తూర్పు ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చిన యూదులే. ఇరుకు గదులు, కుట్టుమిషన్లు, యిడ్డిష్ భాష. పరాయి దేశంలో సొంత భాషలో నాటకాలు వేసుకున్నారు వాళ్ళు. సెకండ్ ఎవెన్యూ మీద వరసగా యిడ్డిష్ నాటకశాలలుండేవి. హ్యూస్టన్ స్ట్రీట్ మీద కూడా ఒకటుండేది. ఆట అయ్యాక నటులూ హాస్యగాళ్ళూ రంగు కడుక్కుని ఇక్కడికే వచ్చేవాళ్ళు. హాలీవుడ్ తారలు రాకముందే ఇది తారల హోటలన్నమాట!

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. కొట్టుకి బోర్డు రాయించాలనుకున్నారు. పెయింటరు వచ్చి, "ఏం రాయమంటారు?" అని హ్యారీ టరోవ్‌స్కీని అడిగాడు. ఆయనేదో పనిలో ఉన్నాడు కాబోలు, "కాట్జ్ అని రాయి, అంతే!" అన్నాడు. పెయింటరు బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు 'కాట్జ్, అంతే!' అని రాసేసి పోయాడు. మనవాళ్ళయితే సున్నం కొట్టించేవాళ్ళు. వాళ్ళు ఉంచేసుకున్నారు. ఆ బోర్డు ఇప్పటికీ ఉంది!

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. ఓనర్ల కొడుకులు ముగ్గురు సైన్యంలో చేరారు. అమ్మా నాన్నా ఊరుకుంటారా? ఇంటి తిండి పంపించారు. ఎండబెట్టిన 'సలామీ' అయితే సముద్రాలు దాటినా పాడవదు. 'ఆర్మీలో ఉన్న మీ అబ్బాయికి సలామీ పంపండి' అని నినాదం పుట్టింది. ఆర్మీ - సలామీ ప్రాస కూడా కలిసింది! ఆ నినాదం ఇంకా గోడమీద ఉంది. సైనికులకి పార్సిళ్ళు ఇంకా వెళ్తూనే ఉన్నాయి.

1970ల చివరకి బెన్నీ కాట్జ్, హ్యారీ టరోవ్‌స్కీ ఇద్దరూ పోయారు. కొడుకులూ అల్లుళ్ళూ కొన్నాళ్ళు నడిపారు. తర్వాత పగ్గాలు అందుకునే పిల్లలు ఆ ఇళ్ళల్లో లేకపోయారు. సరిగ్గా నూరేళ్ళ పండగ ఏడు, 1988లో, కొట్టు చేతులు మారింది. మార్టిన్ డెల్, ఆయన కొడుకు అలన్, అల్లుడు ఫ్రెడ్ ఆస్టిన్ కొన్నారు. కొత్త ఓనర్లు పేరు మార్చలేదు. కత్తి మార్చలేదు. టికెట్టూ మార్చలేదు. కొన్న మరుసటేడే హ్యారీ, శాలీ నడిచొచ్చారు!

రెండు కొట్లు... రెండు క్లైమాక్సులు

ఇక్కడిదాకా కథ హాయిగా నడిచింది కదూ? అసలు మలుపు ఇప్పుడుంది.

ఇదే న్యూయార్క్‌లో, సెవెన్త్ ఎవెన్యూ మీద 'కార్నెగీ డెలి' అని ఇంకో మహా ప్రసిద్ధమైన కొట్టుండేది. 1937 నాటిది. అదీ పాస్ట్రమీ కొట్టే. దానికీ సినిమా ఉంది! వుడీ అలెన్ 1984లో తీసిన 'బ్రాడ్వే డానీ రోజ్'లో ముసలి హాస్యగాళ్ళందరూ ఒక టేబులు చుట్టూ చేరి కథ చెప్పేది అక్కడే. దాని గోడలనిండా కూడా తారల ఫోటోలే. బిల్డింగు కూడా సొంతదే. అద్దె బాధ లేదు.

అయినా 2016 డిసెంబరు ఆఖర్న అది మూతపడింది.

ఎందుకంటారా? గిరాకీ లేక కాదు. ఆఖరి రోజుల్లో చలిలో వీధి చివరిదాకా క్యూలు నిలబడ్డాయి. తెల్లవారుజామున లేవడాలూ, నిద్ర లేని రాత్రులూ ఇక నావల్ల కాదంది ఓనరమ్మ. ఆవిణ్ణి తప్పుపట్టగలమా? హోటలు నడిపినవాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళనడగండి, చెప్తారు. మనం తిని, ఫోటో దిగి, "అబ్బ, ఎంత చరిత్ర!" అనేసి వచ్చేస్తాం. ఆ చరిత్రని తెల్లారి నాలుగింటికి లేచి ఉడకబెట్టాల్సింది ఒకళ్ళుండాలి కదా!

1930ల్లో న్యూయార్క్‌లో ఇలాంటి యూదుల డెలిలు వెయ్యికి పైనే ఉండేవి. ఇప్పుడు పదుల్లోకి దిగాయి. పిల్లలు చదువుకున్నారు, డాక్టర్లయ్యారు, లాయర్లయ్యారు. అది సంతోషించాల్సిన సంగతే. తల్లిదండ్రులు కౌంటరు వెనక నిలబడింది అందుకే మరి! కానీ అందరి పిల్లలూ గెలిస్తే కొట్టు ఓడిపోతుంది.

మరి కాట్జ్ డెలి ఎలా నిలిచింది? రెండు కారణాలు కనిపిస్తాయి నాకు.

ఒకటి - ఆకాశం! నిజమేనండీ. న్యూయార్క్‌లో ఫలానా స్థలంలో ఇంత కట్టుకోవచ్చని లెక్కుంటుంది. మీరు ఒక అంతస్తుతో సరిపెట్టుకుంటే, కట్టుకోని మిగతా వాటా పక్కవాడికి అమ్ముకోవచ్చు. 2014లో కాట్జ్ డెలి తన నెత్తిమీది ఆకాశాన్ని అమ్మేసింది. సుమారు కోటీ డెబ్భై లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. పక్కన పదకొండంతస్తుల మేడ లేచింది. కొట్టు మాత్రం అలాగే ఒంటంతస్తుతో నేలమీద కూచుంది. పైన ఇంకెప్పుడూ మేడ లేవదు కాబట్టి, కింద కొట్టుని కొట్టేసే అవసరమూ తగ్గింది. ఆకాశం అమ్మి నేలని కాపాడుకోవడమంటే ఇదే!

రెండోది - ఒక కుర్రాడు. అలన్ డెల్ కొడుకు జేక్. డాక్టరు చదువుకి వెళ్దామనుకున్నవాడు. అమెరికాలోనైనా ఆంధ్రాలోనైనా, కొడుకు డాక్టరవుతానంటే వద్దనే తండ్రి ఎవడు? కానీ ఆ కుర్రాడు 2009 ప్రాంతంలో ఒక్కసారి చూద్దామని కొట్లో అడుగుపెట్టి, ఇక కదల్లేదు. ఇవాళ కొట్టు నడుపుతున్నది ఆయనే. కార్నెగీకి దొరకనిది కాట్జ్‌కి దొరికింది, అంత తేడా. సినిమా పేరు తెస్తుంది, జనాన్ని తెస్తుంది. వారసుణ్ణి తెచ్చిపెట్టదు.

ఇది రాస్తుంటే మద్రాసు డ్రైవ్-ఇన్ వుడ్‌లాండ్స్ కళ్ళముందు మెదుల్తోంది. 1962లో మొదలైంది. కార్లో కూచునే ఇడ్లీ తినొచ్చు. కాఫీ కప్పు మీద ఎన్ని కథాచర్చలు నడిచాయో, ఎంతమంది రచయితలు అవకాశాలకోసం అక్కడ గంటలు గంటలు కాచుకున్నారో! స్థలం ప్రభుత్వానిది. 2008లో తిరిగి తీసుకున్నారు. ఇప్పుడక్కడ చక్కటి పార్కుంది. పూలు బావుంటాయి. కాఫీ వాసన లేదు.

తిరుగు ప్రయాణం

చీకటిపడింది. లేద్దామని జేబు తడుముకున్నాను. టికెట్టు లేదు! గుండె ఆగినంత పనైంది. సినిమా హాల్లో కూచోగానే చింపిన టికెట్టు కింద పడేసే అలవాటు ఉంది కదా మనకి... ఆ అలవాటు పోతుందా? హ్యారీ, శాలీ టేబులు పక్కన నేనూ మా మేనల్లుడూ వంగి, జనం కాళ్ళ మధ్య వెతుకుతుంటే, పక్క టేబులు పెద్దావిడొకావిడ మమ్మల్ని వింతగా చూసింది. మావాడు చెవిలో అన్నాడు: "మావయ్యా, మనం చేసేదేమిటో అదే తనకీ కావాలని అడుగుతుందేమో!" యాభై డాలర్ల భయంలో కూడా నవ్వాగలేదు.

దొరికింది లెండి. నా చెప్పు కిందే ఉంది!

డబ్బు కట్టి బయటికొచ్చాక వెనక్కి తిరిగి చూశాను. అద్దం వెనక కట్టర్ల కత్తులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. క్యూలో అప్పుడే కాలేజీ పిల్లలు కొందరు కొత్తగా చేరారు. ఆ సినిమా వచ్చేనాటికి వాళ్ళు పుట్టి కూడా ఉండరు. అయినా లోపలికి వెళ్ళగానే వాళ్ళ కళ్ళు ఆ బోర్డునే వెతుకుతాయి.

మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది ఇలాంటి కొట్టొకటి. తాతల నాటి బల్ల, గోడమీద రంగు వెలిసిన పాత తార ఫోటో, గల్లాపెట్టె దగ్గర ఓనరుగారి అబ్బాయో మనవరాలో... ఈసారి వెళ్ళినప్పుడు ఫోటో ఒక్కటే దిగి రాకండి. "బావుందండీ" అని ఆ పిల్లల చెవిన పడేలా ఒక మాట అనండి. ఆ మాట విని వాళ్ళు ఇంకో పదేళ్ళు నిలబడతారేమో ఎవరికి తెలుసు?

న్యూయార్క్ వెళ్ళేవాళ్ళకి అడ్రసు: 205, ఈస్ట్ హ్యూస్టన్ స్ట్రీట్. గుర్తులేమీ అడక్కండి. కాట్జ్, అంతే!